ఒక్క మ్యాచ్ చూశారని దేశాధ్యక్షుడిపైనే వేటు.. ఎవరీ డగ్లస్ హైడ్? 1938లో ఐర్లాండ్‌లో అసలేం జరిగింది?

దేశాధ్యక్షుడు స్టేడియానికి వెళ్లారు. సొంత దేశం జట్టు ఆడుతుంటే చూశారు. జట్టు గెలిచింది కూడా. ఐదు వారాలు తిరక్కుండానే దేశంలోనే అతిపెద్ద క్రీడా సంఘం ఆయన్ను గౌరవ పోషకుడి హోదా నుంచి తీసేసింది. ఆయన చేసిన తప్పేంటంటే.. ఆ మ్యాచ్ చూడటమే!

వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇది నిజంగా జరిగింది. ఆ అధ్యక్షుడి పేరు డగ్లస్ హైడ్. ఐర్లాండ్ మొట్టమొదటి రాష్ట్రపతి. తీసేసింది గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, అందరూ జీఏఏ అంటారు. గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ ఆటలను నడిపే సంఘం ఇదే. అసలు ట్విస్ట్ ఏంటంటే, ఇంగ్లిష్ అలవాట్లు వదలండి, మన ఆటలు మనమే ఆడుకుందాం అని ఐరిష్ జనానికి అందరికంటే గట్టిగా నూరిపోసిన మనిషి కూడా ఈ హైడే.

ముందు ఆ ఆటల సంగతి చూద్దాం. హర్లింగ్ అంటే బూడిద చెట్టు కర్రతో చేసిన బ్యాట్ లాంటి దానితో చిన్న బంతిని కొట్టే ఆట. మెరుపు వేగం. గేలిక్ ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నొచ్చు, చేత్తోనూ పట్టుకోవచ్చు. రెండింట్లోనూ జట్టుకు 15 మంది. బంతి అడ్డకర్ర కింద నుంచి వెళ్తే గోల్, అంటే 3 పాయింట్లు. పైనుంచి వెళ్తే మామూలుగా ఒకటి. ఆటగాళ్లకు జీతాల్లేవు. పుట్టిన ఊరి క్లబ్‌కి, సొంత కౌంటీకి ఆడతారు. 80 వేలకు పైగా పట్టే క్రోక్ పార్క్ నిండిపోతుంది. ఫైనల్ ఆడినవాళ్లు మళ్లీ తమ ఉద్యోగాలకు వెళ్లిపోతారు. అక్కడ అది ఆట ఒక్కటే కాదు, ఇంటిపేరు లాంటిది.

పాస్టర్ గారబ్బాయి

హైడ్ 1860 జనవరి 17న రోస్‌కామన్ కౌంటీలోని కాసల్‌రేలో పుట్టారు. తండ్రి ప్రొటెస్టెంట్ చర్చిలో మతగురువు. కుటుంబం ఫ్రెంచ్‌పార్క్ అనే ఊళ్లో స్థిరపడింది. చిన్నప్పుడు జబ్బు చేయడంతో బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు. ఈ కుర్రాడి జీవితం మలుపు తిరిగింది అక్కడే.

అప్పటికి ఐరిష్ భాష చావుబతుకుల్లో ఉంది. 1840ల కరువు లక్షల మందిని మింగేసింది. ఇంకెందరో వలస పోయారు. మిగిలినవాళ్లు కూడా బతుకుతెరువు కోసం పిల్లలకు ఇంగ్లిషే నేర్పించారు. సొంత భాష మాట్లాడాలంటే నామోషీ. అలాంటి రోజుల్లో ఓ పాస్టర్ గారబ్బాయి పొలాల వెంట తిరుగుతూ పల్లెటూరి ముసలివాళ్ల దగ్గర కూర్చుని ఐరిష్ నేర్చుకున్నాడు. కథలు, పాటలు రాసుకున్నాడు. ఆయనకు మొదటి గురువు షేమస్ హార్ట్ అనే వేటభూమి కాపలాదారు.

తర్వాత డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చదివారు. ఐరిష్‌లో కవిత్వం రాశారు, అందమైన చిరుకొమ్మ అనే అర్థం వచ్చే కలం పేరు పెట్టుకున్నారు.

దేశాన్ని కదిపిన ఉపన్యాసం

1892 నవంబర్ 25న డబ్లిన్‌లో ఇచ్చిన ఉపన్యాసంతో ఆయన పేరు మార్మోగింది. సారాంశం ఇదీ.. ఇంగ్లండ్‌ను తిడుతూనే మనం ఇంగ్లండ్‌ను కాపీ కొడుతున్నాం. భాష వాళ్లది, బట్టలు వాళ్లవి, చివరికి పేర్లు కూడా వాళ్ల పద్ధతిలోకి మార్చుకుంటున్నాం. ఇలాగైతే మనం ఎటూ కాకుండా పోతాం. అదే ప్రసంగంలో జీఏఏను ఆయన ఆకాశానికెత్తేశారు. అప్పటికి ఆ సంఘం పుట్టి ఎనిమిదేళ్లే. 1884 నవంబర్ 1న థర్లెస్ పట్టణంలోని ఓ హోటల్లో మైకేల్ క్యూజాక్ తదితరులు మొదలుపెట్టారు.

1893లో ఓయన్ మక్‌నీల్‌తో కలిసి హైడ్ గేలిక్ లీగ్ పెట్టారు. ఊరూరా ఐరిష్ భాష క్లాసులు, నాట్యాలు, ఉత్సవాలు. స్వాతంత్ర్య పోరాటంలో ముందున్న నాయకుల్లో చాలామంది ఈ క్లాసుల్లోంచి వచ్చినవాళ్లే. 1905లో అమెరికా వెళ్లి నెలల తరబడి తిరిగి లీగ్ కోసం విరాళాలు పోగేశారు. అంతకు ముందే, 1902లో జీఏఏ ఆయన్ను గౌరవ పోషకుడిగా పెట్టుకుంది.

అయితే హైడ్‌కు ఓ పట్టుదల ఉంది. భాష అందరిదీ, దానికి పార్టీ ఉండకూడదు, మతం ఉండకూడదు అనేవారు. బ్రిటన్‌తోనే ఉండాలనుకునే ప్రొటెస్టెంట్లు కూడా లీగ్‌లోకి రావాలన్నది ఆయన కోరిక. 1915లో డండాక్‌లో జరిగిన మహాసభలో లీగ్ రాజకీయ లక్ష్యాన్ని తీసుకోవడంతో అధ్యక్ష పదవి వదిలేసి వెళ్లిపోయారు. తను కన్న బిడ్డలాంటి సంస్థ అది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే 1938లో ఆయన మ్యాచ్‌కి ఎందుకు వెళ్లారో అర్థమవుతుంది.

మరుసటి ఏడాది పెద్ద కూతురు నూలా చనిపోయింది. హైడ్ పాఠాల్లో మునిగిపోయారు. 1909 నుంచి 1932 దాకా యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో ఐరిష్ ప్రొఫెసర్ ఆయనే. అన్నట్టు, మన వి.వి. గిరి గారు 1913 నుంచి 1916 వరకు లా చదివింది కూడా ఆ కాలేజీలోనే. ఒకే కాలేజీలో పాఠాలు చెప్పిన ఒకాయన, చదువుకున్న ఒకాయన.. ఇద్దరూ తర్వాత రాష్ట్రపతులయ్యారు!

ఇంతకీ ఆ నిషేధం ఏంటి?

జీఏఏ రూల్ బుక్‌లో 27వ నిబంధన ఒకటి ఉండేది. జనం నోట్లో దాని పేరు ‘ది బ్యాన్’. సాకర్, రగ్బీ, క్రికెట్, హాకీ.. ఈ నాలుగూ విదేశీ ఆటలు. సభ్యులెవరూ వాటిని ఆడకూడదు, ప్రోత్సహించకూడదు, చూడకూడదు. దొరికితే సస్పెన్షన్. ఎవరు వెళ్తున్నారో కనిపెట్టడానికి విజిలెన్స్ కమిటీలు కూడా ఉండేవి. అంటే సాకర్ మ్యాచ్‌కి దర్జాగా వెళ్లగలిగే జీఏఏ మనిషి ఎవరయ్యా అంటే, వెళ్లినవాళ్ల పేర్లు రాసుకునేవాడే.

నవ్వొస్తుంది కానీ దీని వెనుక నెత్తురు ఉంది. 1920 నవంబర్ 21న క్రోక్ పార్క్‌లో గేలిక్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపాయి. 14 మంది ప్రాణాలు పోయాయి. అందులో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకరు. అది కళ్లారా చూసిన తరానికి దండు సిపాయిలు తెచ్చిన సాకర్, దొరల రగ్బీ మామూలు ఆటలుగా కనిపించవు కదా. నిషేధం మీద అంత పట్టుదల ఊరికే రాలేదు.

ఆ రోజుల్లో ఒక గేలిక్ అభిమాని నోరు తెరిచి, మన ఆట మీద ప్రేమ ఉంటే పక్కవాడి ఆట చూడకూడదా అని అడిగితే క్లబ్‌లో ఒంటరైపోవాల్సిందే. మనసులో అనుకున్నవాళ్లు ఉన్నారు. మారుపేర్లతో సాకర్ ఆడినవాళ్లూ ఉన్నారు. పైకి అనేవాళ్లే తక్కువ.

1938 నవంబర్ 13, ఆదివారం

1937లో ఐర్లాండ్‌కు కొత్త రాజ్యాంగం వచ్చింది. రాష్ట్రపతి పదవి కొత్తగా పుట్టింది. పార్టీలన్నీ ఒప్పుకునే మనిషి ఎవరా అని వెతికితే దొరికింది హైడే. పోటీ లేకుండా ఎన్నికయ్యారు. కాథలిక్కులే ఎక్కువగా ఉన్న దేశానికి ఒక ప్రొటెస్టెంట్ మొదటి రాష్ట్రపతి! 1938 జూన్ 25న 78 ఏళ్ల వయసులో ఐరిష్ భాషలోనే ప్రమాణం చేశారు.

ఆ నవంబర్‌లో డబ్లిన్ డాలీమౌంట్ పార్క్‌లో ఐర్లాండ్, పోలండ్ మధ్య సాకర్ మ్యాచ్. అదే ఏడాది వరల్డ్ కప్‌లో బ్రెజిల్‌ను ఓ ఊపు ఊపిన జట్టు పోలండ్. హైడ్ వెళ్లారు. ప్రధాని డి వలేరా పక్కనే ఉన్నారు. పోస్టల్ శాఖ మంత్రి ఆస్కార్ ట్రేనర్ కూడా వచ్చారు, ఆయన ఒకప్పుడు సాకర్ గోల్‌కీపర్. ఐర్లాండ్ 3-2తో గెలిచింది.

జీఏఏలో కలకలం మొదలైంది. గౌరవ పోషకుడే నిషేధం ఉల్లంఘించాడు, ఇప్పుడేం చేస్తారు? సంఘం అధ్యక్షుడు పాట్రిక్ మెక్‌నమీ తేల్చేశారు. డిసెంబర్ 17న జరిగిన కేంద్ర మండలి సమావేశంలో హైడ్ ఇక పోషకుడు కాదని ప్రకటించారు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. కొన్ని క్లబ్‌ల నుంచీ నిరసనలు వచ్చాయి. అయినా 1939 మహాసభ ఆ నిర్ణయాన్నే సమర్థించింది.

నిజం చెప్పాలంటే మెక్‌నమీ వాదనలో పస లేకపోలేదు. పల్లెటూరి కుర్రాడు సాకర్ చూస్తే సస్పెండ్ చేసి, రాష్ట్రపతి చూస్తే సలాం కొడితే ఆ రూల్‌కు విలువేముంటుంది? రూల్ అందరికీ ఒక్కటే అన్నారు, అమలు చేశారు. వచ్చిన చిక్కల్లా రూల్‌తోనే. హైడ్ ఆ స్టాండ్‌లో కూర్చుంది సాకర్ ఫ్యాన్‌గా కాదు. ఐరిష్ జెర్సీ వేసుకున్న కుర్రాళ్లు ఏ ఆట ఆడినా వాళ్లకూ రాష్ట్రపతే కాబట్టి. 1915లో లీగ్ వదిలేసినప్పుడు పట్టుకున్న మాటనే ఇక్కడా పట్టుకున్నారు. ఐరిష్ అంటే అందరూ అని. మొదటిసారి ఆ మాటకు పదవి పోయింది, రెండోసారి హోదా పోయింది.

ఈ గొడవలో హైడ్ బహిరంగ వాదనకు దిగలేదు. జీఏఏను తిట్టిందీ లేదు. 1940లో పక్షవాతం వచ్చింది. చక్రాల కుర్చీలోనే పదవీకాలం పూర్తిచేసి 1945లో దిగిపోయారు. ఆయన దిగిపోయాకే జీఏఏ పెద్దలు డి వలేరాతో మాట్లాడుకుని రాష్ట్రపతికి ఈ రూల్ వర్తించదని సర్దుకున్నారు. హైడ్‌కు మాత్రం అది అక్కరకు రాలేదు.

చర్చి బయట కార్లలో మంత్రులు

1949 జూలై 12న హైడ్ కన్నుమూశారు. డబ్లిన్ సెయింట్ పాట్రిక్ కేథడ్రల్‌లో అంత్యక్రియల ప్రార్థన. అది ప్రొటెస్టెంట్ చర్చి. అందులో జరిగే ప్రార్థనకు కాథలిక్కులు వెళ్లకూడదని అప్పట్లో వాళ్ల చర్చి నియమం. దాంతో ప్రధాని కాస్టెలో, మంత్రులు బయట కార్లలోనే కూర్చున్నారు! దేశ తొలి రాష్ట్రపతికి ప్రభుత్వం ఇచ్చిన వీడ్కోలు అది. ఆరోగ్య మంత్రి నోయల్ బ్రౌన్ మాత్రం లోపలికి వెళ్లారు. సాకర్ స్టాండ్‌లో కూర్చోవడం ఒక సంఘానికి తప్పు. ఆయన చర్చిలో అడుగుపెట్టడం ఇంకొకరికి తప్పు. బతికుండగా ఒక నిషేధం, పోయాక ఇంకో నిషేధం. మొదటిదాని కంటే ఈ రెండోదే ఎక్కువ బాధ పెడుతుంది.

ఆ తర్వాత కూడా బ్యాన్ చాలాకాలం నడిచింది. 1941లో డబ్లిన్ తరఫున గేలిక్ ఫుట్‌బాల్ ఆడి లెన్‌స్టర్ టైటిల్ గెలిచిన కాన్ మార్టిన్‌కు, సాకర్ కూడా ఆడుతున్నాడని తెలిసి మెడల్ ఇవ్వలేదు. ఆయన సాకర్‌లో పెద్ద స్టార్ అయ్యారు, మెడల్ చేతికి రావడానికి మాత్రం 30 ఏళ్లు పట్టింది. కొత్త తరం అభిమానులు టీవీలో ప్రపంచకప్ చూస్తూ బయటకు బ్యాన్‌ను సమర్థించాల్సిన పరిస్థితి. చివరికి 1971 ఈస్టర్‌కి బెల్‌ఫాస్ట్‌లో జరిగిన మహాసభ 27వ నిబంధనను ఎత్తేసింది. 2005లో ఇంకో అడుగు.. క్రోక్ పార్క్‌లో రగ్బీ, సాకర్‌కు గేట్లు తెరవాలని ఓటేశారు. 2007 ఫిబ్రవరి 24న 14 మంది నేలకొరిగిన ఆ స్టేడియంలోనే ఇంగ్లండ్ రగ్బీ జట్టు ఆడింది. ఇంగ్లండ్ జాతీయగీతం వినిపిస్తుంటే స్టేడియం గౌరవంగా నిలబడింది. తర్వాత ఐర్లాండ్ 43-13తో చితక్కొట్టింది, అది వేరే విషయం.

యూరో రాకముందు వాడిన ఐరిష్ 50 పౌండ్ల నోటు మీద హైడ్ బొమ్మ ఉండేది. ఆయన సమాధి ఫ్రెంచ్‌పార్క్‌లో, తండ్రి పనిచేసిన చర్చి పక్కనే. అదే కౌంటీలోని రోస్‌కామన్ పట్టణంలో జీఏఏకు పెద్ద గ్రౌండ్ ఒకటి ఉంది. కౌంటీ జట్టు సొంత మ్యాచ్‌లు అక్కడే ఆడుతుంది. ఆ గ్రౌండ్ పేరు డాక్టర్ హైడ్ పార్క్.