గ్రీకు కథకు తెలుగు రూపమిచ్చిన కొడవటిగంటి కుటుంబరావు

మీరు బొమ్మల కథలు చదివే ఉంటారు. 1941లో అమెరికాలో వెలువడిన వండర్ ఉమన్ బొమ్మల కథలకు గ్రీకు పురాణాల్లోని వీరవనితలే ఆధారం. ఆ గ్రీకు కథాలోకాన్ని తెలుగు పిల్లల ముంగిటికి తెచ్చినవారు కొడవటిగంటి కుటుంబరావు.

ఆయన 1909లో తెనాలిలో జన్మించారు. భౌతికశాస్త్రం చదివారు. ‘చదువు’ వంటి నవలలతో పేరు పొందారు. 1952లో మద్రాసులోని ‘చందమామ’ మాసపత్రికలో చేరారు.

హోమర్ రచించిన ఇలియడ్, ఒడిస్సీ కావ్యాలను ఆయన ‘భువనసుందరి’, ‘రూపధరుడి యాత్రలు’ అనే బొమ్మల ధారావాహికలుగా అందించారు. ఒక్కసారి ఆలోచించండి. హెలెన్, ఒడిస్సియస్ వంటి పేర్లు ఆనాటి పల్లెటూరి పిల్లలకు నోరు తిరుగుతాయా? అందుకే హెలెన్ భువనసుందరి అయింది. ఒడిస్సియస్ రూపధరుడు అయ్యాడు. పేర్లు మారినా కథ మారలేదు. వాక్యాలు చిన్నవి, మాటలు అందరికీ తెలిసినవి.

మరొక విషయం గమనించండి. ఆ కథలకు ఆయన పేరు వేసేవారు కాదు. పెద్దల సాహిత్యంలో పేరున్న రచయిత, పేరు రాని ఈ పనిని 1980లో మరణించేవరకు శ్రద్ధగా చేశారు. పిల్లలు కథలను ప్రేమించారు. రాసిందెవరో చాలామందికి తెలియదు. పాత చందమామ దొరికితే చదవండి. ఆ తేట తెలుగు వెనుక ఎవరున్నారో ఇప్పుడు మీకు తెలుసు.