ఎనిమిది కళల తేడా

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు జొహాన్నెస్ కెప్లర్ గుర్తుకు వచ్చారు. గ్రహాల గమనం గురించి ఆయన చెప్పిన మూడు సూత్రాలు మన మనుమలు కాలేజీలో చదువుతూనే ఉన్నారు. ఆయన జీతం బకాయిల కోసం తిరుగుతూ ప్రాణం విడిచారన్న సంగతి మాత్రం ఆ పుస్తకాలలో ఉండదు. పెన్షనర్లమైన మనకు ఆ మాట కొంచెం గట్టిగానే తగులుతుంది. అయితే నేను వ్రాయదలచినది ముఖ్యంగా ఆయన భక్తిని గురించి.

కెప్లర్ 1571 డిసెంబరు 27న జర్మనీలోని వైల్ డెర్ ష్టాట్ అనే చిన్న ఊరిలో పుట్టారు. తండ్రి కూలికి యుద్ధాలు చేసే సిపాయి. ఒకసారి వెళ్ళి ఇక ఇంటికి తిరిగి రాలేదు. పసితనంలో మశూచి సోకి ఈయన కంటిచూపు దెబ్బతిన్నది. ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో చేరింది లూథరన్ పాస్టరు కావాలని. మన గుంటూరు వైపు లూథరన్ సంఘం ఉన్నది కదా, అదే శాఖ. అక్కడ మేస్ట్లిన్ అనే ఉపాధ్యాయుని వద్ద, సూర్యుని చుట్టూ భూమి తిరుగుతుందన్న కోపర్నికస్ సిద్ధాంతం నేర్చుకున్నారు. వేదాంత విద్య ముగియకముందే 1594లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌కు లెక్కల మేష్టరుగా పంపివేశారు. పాస్టరు కాలేకపోయానని చాలాకాలం బెంగపడి, చివరకు ఆకాశాన్ని సరిగ్గా చదవడం కూడా దేవుని సేవేనని మనసుకు నచ్చజెప్పుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి మనవి చేయాలి. 1543లో కోపర్నికస్ గ్రంథం అచ్చయినప్పుడు దానికి పేరు లేని ముందుమాట ఒకటి చేరింది. ఈ సిద్ధాంతం నిజం కానక్కరలేదు, లెక్క కుదిరితే చాలు అని దాని సారాంశం. చాలామంది అది కోపర్నికస్ మాటే అనుకున్నారు. వ్రాసినవాడు ఓసియాండర్ అనే లూథరన్ మతగురువని 1609లో తన గ్రంథం ద్వారా లోకానికి చాటినవారు కెప్లరే. లెక్క కుదిరితే చాలునన్న మాట ఆయనకు సరిపడలేదు. దేవుడు కొలతలతో లోకాన్ని సృష్టించాడు, తన పోలికలో మనిషిని చేశాడు, కాబట్టి ఆ కొలతలు మనిషి బుద్ధికి అందుతాయి, అందినది నిజమై ఉండాలి అని ఆయన విశ్వాసం.

ఆ విశ్వాసమే ఆయనను మొదట పక్కదారి పట్టించింది కూడా. అయిదు ఘనరూపాలను ఒకదానిలో ఒకటి అమర్చి, దేవుడు గ్రహాల మధ్య దూరాలు ఇలాగే పెట్టాడని 1596లో ఒక పుస్తకం వేశారు. అది తప్పు. పాపం, ఆ ఊహ మీద మమకారం ఆయనకు చివరిదాకా పోలేదు.

1600లో మతం మారనన్నందుకు గ్రాజ్ నుండి కుటుంబంతో సహా వెళ్ళగొట్టారు. ప్రాగ్‌లో టైకో బ్రాహీ దగ్గర చేరారు. మరుసటి ఏడు టైకో మరణించగా, చక్రవర్తి రుడాల్ఫ్ ఆస్థానంలో ఆ పదవి ఈయనకు దక్కింది. టైకో వదిలివెళ్ళిన అంగారకుని కొలతలతో కుస్తీ మొదలయింది. వృత్తమార్గం వేసి చూస్తే లెక్క దాదాపు కుదిరింది. ఎక్కువలో ఎక్కువ తేడా ఎనిమిది కళలు, అంటే పున్నమి చంద్రుని వెడల్పులో నాలుగో వంతుకు కాస్త పైన. కోపర్నికస్ కాలంలోనైతే అదొక తేడాయే కాదు.

నేను లెక్కల సెక్షన్‌లో ఉన్న రోజుల్లో ట్రయల్ బ్యాలెన్స్‌లో చిన్న తేడా వస్తే సస్పెన్స్ ఖాతాలో వేసి ఫైలు పైకి పంపినవాడినే. కెప్లర్ పంపలేదు. టైకో వంటి నిక్కమైన పరిశీలకుని దేవుడు ప్రసాదించినప్పుడు ఆ ఎనిమిది కళలను త్రోసిపుచ్చడం కృతఘ్నత అని భావించారు. ఏళ్ళ తరబడి చేసిన లెక్కను పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఆ తేడా నుండే గ్రహమార్గం వృత్తం కాదు, దీర్ఘవృత్తం అని తేలింది. 1609లో వెలువడిన ఆ గ్రంథం ముందుమాటలోనే, బైబిలు సూర్యోదయాన్ని గురించి మామూలు మనుషుల భాషలో మాట్లాడుతుంది గాని ఖగోళశాస్త్రం నేర్పడానికి కాదని వివరించారు.

1611లో భార్య, ఒక కుమారుడు పోయారు. మరుసటి ఏడు లింజ్ పట్టణానికి మారారు. అక్కడ సొంత మతం వారే అడ్డు తగిలారు. క్రీస్తు శరీరం అన్నిచోట్లా ఉంటుందన్న ఒక సిద్ధాంతంతో సహా తమ మతపత్రం మీద సంతకం చేయమన్నారు. ఆ ఒక్క అంశం తప్ప మిగిలినదానికి చేస్తానన్నారు ఈయన. కుదరదని పాస్టరు ప్రభురాత్రి భోజనం ఇవ్వలేదు. తాను చదువుకున్న ట్యూబింగెన్‌కు మొర పెట్టుకుంటే, 1619లో వారూ కాదన్నారు. సంతకం పెట్టేస్తే పోయేది కదా అని మనబోటివాళ్ళం అనుకుంటాం. అంగారకుని విషయంలో దాదాపు చాలుననుకోని మనిషి ఇక్కడ మాత్రం ఎలా అనుకోగలడు? అలాగని ఆ సంఘాన్ని విడిచీ పోలేదు. మూడో సూత్రం దొరికింది ఆ రోజుల్లోనే, 1618లో.

అంతలో తల్లి కతరీనా మీద మంత్రగత్తె అని కేసు వచ్చింది. డెబ్బై దాటిన ముసలమ్మను 14 నెలలు సంకెళ్ళలో ఉంచారు. కొడుకు ఉన్న ఊరు వదిలి వచ్చి, ప్రతి ఆరోపణకూ జవాబు వ్రాయించి 1621లో విడిపించుకున్నారు. ఆమె మరుసటి ఏడే పోయింది.

చక్రవర్తులు మారారు గాని జీతం సరిగ్గా వచ్చింది లేదు. బకాయి సుమారు 12,000 గుల్డెన్లకు చేరింది. ఒకరు ఇంకొకరి మీదికి త్రోయడం, ఆ ఇంకొకరు మరొకరిని చూపించడం. ఈ పద్ధతి మనకు కొత్త కాదు. 1630లో చక్రవర్తి సభ జరుగుతున్నదని విని, చలికాలంలో గుర్రమెక్కి రేగెన్స్‌బర్గ్ వెళ్ళారు. చేరిన కొద్దిరోజులకే జ్వరం వచ్చి నవంబరు 15న కన్నుమూశారు. ఊరి గోడ వెలుపల ప్రొటెస్టెంట్ల శ్మశానంలో పాతిపెట్టారు. కొన్నేళ్ళకు యుద్ధంలో ఆ శ్మశానం ధ్వంసమై, సమాధి ఎక్కడ ఉండేదో ఆనవాలు లేకుండా పోయింది. బకాయి మాత్రం కాగితం మీద అలాగే ఉండిపోయింది.