ఏడు నెలల్లో కరిగిపోయిన సైన్యం - మూసా రేమాండ్ జీవిత కథ

హైదరాబాద్‌లో మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళేవారికి మూసారాంబాగ్ పేరు సుపరిచితమే. అయితే ఆ పేరు ఒక ఫ్రెంచి సేనానిదని తెలిసినవారు కొద్దిమందే. మిషెల్ జోఆషిమ్ మరీ రేమాండ్ రెండవ నిజాం అయిన నిజాం అలీఖాన్ కొలువులో సుమారు 14 వేల మందితో పదాతి దళాన్ని తీర్చిదిద్దాడు. దక్కనులో అంతటి క్రమశిక్షణ గల సైన్యం ఆ రోజుల్లో అరుదు. కాని రేమాండ్ కన్నుమూసిన ఏడు నెలలకే ఆ సైన్యం యుద్ధం చేయకుండానే ఆయుధాలు కింద పెట్టింది. దాని ఫలితాన్ని తర్వాత తెలుగు జిల్లాలు కూడా అనుభవించాయి.

రేమాండ్ 1755లో ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో జన్మించాడు. 1775లో వర్తకం చేసుకుందామని పుదుచ్చేరి చేరాడు. త్రాసు కన్నా తుపాకి మీదనే ఆయన మనసు నిలిచింది. మైసూరు హైదర్ అలీ పక్షాన పోరాడుతున్న ఫ్రెంచి దళంలో చేరి యుద్ధ విద్యలో ఆరితేరాడు. 1783లో బుస్సీ వద్ద పని చేశాడు. 1757లో విజయరామరాజు పక్షాన బొబ్బిలి కోటను ముట్టడించిన బుస్సీయే ఈయన. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో మరణించాడు. దరిమిలా రేమాండ్ హైదరాబాద్ దర్బారును ఆశ్రయించాడు.

అద్దె తుపాకులతో ఆరంభం

అప్పట్లో నిజాం సైన్యంలో ప్రధాన భాగం సర్దార్లు ఎవరికి వారు తెచ్చే గుర్రపు రౌతులే. ఎవరి రౌతులు వారి మాటే వినేవారు. గుర్రం చాలామందికి సొంత ఆస్తి. అది చస్తే రౌతుకు బతుకుదెరువే పోతుంది. అందుచేత ఫిరంగి గుండ్లకు ఎదురేగడానికి వెనకాడేవారు. ఈ పద్ధతితో కంపెనీ పటాలాలను గాని, మరాఠాల కొత్త పటాలాలను గాని ఎదుర్కోవడం కష్టమని నిజాం గ్రహించాడు.

రేమాండ్ కేవలం 300 మందితో పని మొదలుపెట్టాడు. తుపాకులను ఒక ఫ్రెంచి వర్తకుని వద్ద ఒక్కొక్కటి నెలకు ఎనిమిది అణాల అద్దెకు తెచ్చాడని ప్రతీతి. వరుస తప్పకుండా నిలవడం, ఆజ్ఞ వినగానే అందరూ ఒక్కసారిగా కాల్చడం, వెంటనే మందు కూరుకుని మళ్ళీ సిద్ధం కావడం సిపాయిలకు నేర్పాడు. ఫిరంగులు పోతపోసే కార్ఖానా నెలకొల్పాడు. ఫతే మైదాన్ సమీపంలోని గన్‌ఫౌండ్రీ ప్రాంతానికి ఆ పేరు దానివల్లే వచ్చింది. సిపాయిల జీతాల కోసం నిజాం ఆయనకు జాగీర్లు ఇచ్చాడు. హిందువులు ఆయనను మూసా రామ్ అనీ, ముస్లింలు మూసా రహీమ్ అనీ పిలుచుకున్నారు.

ఖర్దాలో పరీక్ష

1795 మార్చిలో చౌత్ బకాయిల తగవు ముదిరి, నిజాంకూ మరాఠాలకూ ఖర్దా వద్ద యుద్ధం జరిగింది. మైత్రి ఉన్నా గవర్నర్ జనరల్ జాన్ షోర్ తటస్థంగా ఉండిపోయాడు. రేమాండ్ పటాలాలు రణరంగంలో గట్టిగా నిలిచాయి. ఎదురుగా సింధియా పక్షాన మరో ఫ్రెంచి సేనాని పెరాన్ తర్ఫీదు చేసిన పటాలాలు ఉన్నాయి. ఇంతలో నిజాం రౌతులు చెదిరిపోయారు. యుద్ధానికి వెంట వచ్చిన జనానా బెదిరిపోగా, వారితో పాటు నిజాం వెనుదిరిగాడు. రేమాండ్‌ను కూడా వెనక్కు రమ్మని ఆజ్ఞ వెళ్ళింది. ఆ రాత్రి శిబిరంలో కలవరం రేగి సైన్యంలో అధిక భాగం చెల్లాచెదరైంది. ఖర్దా కోటలో చిక్కుకున్న నిజాం తుదకు సంధికి ఒప్పుకున్నాడు. దౌలతాబాద్ కోటను వదులుకున్నాడు. దివాను అరస్తూ జా మరాఠాలకు బందీ అయ్యాడు.

సిపాయిలు నేర్చుకున్న విద్య అక్కడ వమ్ము కాలేదు. వారిని నడిపించవలసిన దర్బారే నిలవలేకపోయింది. అదే సంవత్సరం నిజాం కుమారుడు అలీ జా తిరుగుబాటు చేయగా రేమాండ్ వెంబడించి పట్టుకున్నాడు. దానితో ఆయన పలుకుబడి మరింత పెరిగింది.

ఒక్కరి మీదే ఆధారం

బలంతో పాటు లోపమూ పెరిగింది. పై అధికారులందరూ పరదేశీయులే. పటాలం జెండా ఫ్రెంచి విప్లవపు మూడు రంగులది. జీతం, ఆజ్ఞ రెండూ రేమాండ్ చేతి మీదుగానే సిపాయికి అందేవి. అతడికి రేమాండ్ తెలుసు గాని, రాజ్యం అన్నది కనబడలేదు. దర్బారుకు ఆ సైన్యం తమదన్న నమ్మకమే లేదు. 1797లో పుణె నుంచి తిరిగి వచ్చిన అరస్తూ జా ఇంగ్లీషు కంపెనీ వైపు మొగ్గాడు.

1798 మార్చి 25న రేమాండ్ మరణించాడు. పిరాన్ అనే మరో ఫ్రెంచి అధికారి సేనాని అయ్యాడు గాని, ఆ పలుకుబడి అతడికి లేదు. కొత్త గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఒత్తిడితో 1798 సెప్టెంబర్ 1న నిజాం సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆరు వేల మంది కంపెనీ సిపాయిలను పోషించడానికీ, ఫ్రెంచి అధికారులను తొలగించడానికీ అంగీకరించాడు. అక్టోబర్‌లో ఆ సంగతి తెలియగానే సిపాయిలు బకాయి జీతాల కోసం తమ అధికారులనే నిర్బంధించారు. 22వ తేదీన కంపెనీ సైన్యం శిబిరాన్ని చుట్టుముట్టింది. బకాయిలు చెల్లిస్తామన్న హామీ మీద పది వేల మందికి పైగా సిపాయిలు కొద్ది గంటల్లో ఆయుధాలు అప్పగించారు. రక్తపాతం జరగలేదు. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, అతడి సహాయకుడు మాల్కం ఈ పని నడిపించారు.

ఆ సిపాయిలలో కొందరు మరుసటి సంవత్సరం ఇంగ్లీషు అధికారుల కింద టిప్పు సుల్తాన్ మీదికి నడిచారు. మనుషులు వారే, నేర్చిన కవాతూ దాదాపు అదే. యజమాని మాత్రం మారాడు.

దర్బారు చెల్లించిన మూల్యం అంతటితో తీరలేదు. సొంత సైన్యం లేని నిజాం కంపెనీ సైన్యపు ఖర్చు కింద 1800లో బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు. వాటికే దత్తమండలాలు అనే పేరు వచ్చింది. తర్వాత 1928లో ఆ సీమకు రాయలసీమ అన్న పేరు స్థిరపడింది.

రేమాండ్ సమాధి సరూర్‌నగర్ వైపు ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. కొనదేలిన రాతి స్తంభం మీద ఆయన పేరులోని జె.ఆర్. అనే అక్షరాలు చెక్కి ఉన్నాయి. మరణించిన చాలా ఏళ్ళ వరకూ వర్ధంతి నాడు జనం అక్కడికి వెళ్ళి అగరువత్తులు వెలిగించేవారు.