కోర్టులో గోరింగ్‌ను నిలదీసిన కంపోజిటరు

బల్గేరియా కమ్యూనిస్టు నాయకుడు జార్జి డిమిట్రోవ్ 1882 జూన్ 18న కొవాచెవ్‌ట్సి గ్రామంలో పేద కుటుంబంలో జన్మించారు. పన్నెండో ఏటనే బడి మాని అచ్చాఫీసులో కంపోజిటరుగా చేరారు. సీసపు అక్షరాలు పేరుస్తూనే లోకజ్ఞానం సంపాదించారు. కార్మిక సంఘాల్లో పనిచేసి 1913లో పార్లమెంటు సభ్యులయ్యారు. 1923 సెప్టెంబరు తిరుగుబాటు విఫలం కాగా దేశం విడిచారు. ఆయన పరోక్షంలోనే మరణశిక్ష పడింది. తమ్ముడు టోడర్ 1925లో పోలీసుల చేతిలో హతుడయ్యాడు.

1933 ఫిబ్రవరి 27 రాత్రి బెర్లిన్‌లో జర్మన్ పార్లమెంటు భవనం రైఖ్‌స్టాగ్ తగలబడింది. హిట్లరు గద్దెనెక్కి అప్పటికి నెల నిండలేదు. నేరం కమ్యూనిస్టుల మీద మోపారు. మారుపేరుతో అక్కడ ఉంటున్న డిమిట్రోవ్‌ను మార్చి 9న పట్టుకున్నారు. సుమారు అయిదు నెలలు రాత్రింబవళ్లు చేతులకు సంకెళ్లే. ఆ చేతులతోనే జర్మన్ చట్టాలు తిరగేశారు. మే నెలలో భార్య ల్యూబా మాస్కోలో మరణించింది. కడసారి చూపు కూడా దక్కలేదు.

సెప్టెంబరు 21న లైప్‌జిగ్‌లో విచారణ మొదలైంది. కోరిన వకీళ్లను కోర్టు ఒప్పుకోలేదు. పరాయి భాషలో తన కేసు తానే వాదించుకున్నారు. సాక్షిగా వచ్చిన నాజీ మంత్రి గోరింగ్‌ను ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేశారు. మంత్రి అరుపులకు దిగాడు. న్యాయమూర్తి మాత్రం ముద్దాయినే బయటకు పంపించాడు! డిసెంబరు 23న డిమిట్రోవ్‌తో సహా నలుగురు నిర్దోషులని తీర్పు వచ్చింది. డచ్చి యువకుడు వాన్ డెర్ లూబెకు మరణశిక్ష పడింది. తీర్పు వచ్చినా జైలు తలుపు తెరుచుకోలేదు. సోవియట్ ప్రభుత్వం పౌరసత్వం ఇచ్చాకే, సరిగ్గా మంటలు లేచిన ఏడాదికి, విమానంలో మాస్కో చేరారు.

1935 నుంచి 1943 వరకు కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. ఫాసిజానికి ఎదురుగా అన్ని పక్షాలూ కలవాలన్నది ఆయన పిలుపు. అయితే ఆ రోజుల్లోనే, లైప్‌జిగ్ బోనులో తన పక్కన నిలిచిన పొపోవ్, తానెవ్‌లు స్టాలిన్ నిర్బంధ శిబిరాల పాలయ్యారు. అంత పదవిలో ఉండీ వారిని తప్పించలేకపోయారు.

1945లో స్వదేశం చేరి మరుసటి ఏడు ప్రధానమంత్రి అయ్యారు. అభిమానులు దాటవేసే ఘట్టం ఇక్కడే ఉంది. ప్రతిపక్ష రైతు నాయకుడు నికోలా పెట్కోవ్‌ను 1947 సెప్టెంబరు 23న ఉరితీశారు. విదేశాల విన్నపాలు వినిపించుకోలేదు. ఒకప్పుడు లోకమంతా అండగా నిలిస్తే ప్రాణాలతో బయటపడిన మనిషి ప్రభుత్వంలోనే ఇది జరిగింది.

1949 జులై 2న మాస్కో సమీపంలో డిమిట్రోవ్ కన్నుమూశారు. భౌతికకాయం కోసం సోఫియాలో ఆరు రోజుల్లో సమాధి మందిరం లేపారు. 1990లో దేహాన్ని తీసి దహనం చేశారు. 1999 ఆగస్టులో మందిరాన్ని పేల్చివేయబోతే తొలి పేలుడుకు అది ఒరిగిందే కాని కూలలేదు.