విని సాధించిన విద్వాంసుడు: ద్వారం వెంకటస్వామి నాయుడు

కర్ణాటక సంగీత సభలో ఫిడేలుకు చిరకాలం ఒకే స్థానం నిర్ణయమై ఉండినది. అది గాయకుని పక్క. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఈ పాశ్చాత్య వాద్యాన్ని మన సంగీతానికి అలవరచిన నాటినుండి, పాటను నీడవలె అనుసరించడమే దాని ధర్మమనిపించుకొన్నది. ఆ నీడకు స్వతంత్రమైన రూపాన్ని కల్పించినవారిలో అగ్రగణ్యులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించారు. పెరిగినది విశాఖపట్టణంలో. బాల్యంలోనే చూపు మందగించడంవల్ల బడిచదువు సాగలేదు. అన్నగారు ఫిడేలు చేతికిచ్చి తొలి పాఠాలు చెప్పారు. కంటికి తగ్గిన వెలుగు చెవికి చేరినదా అన్నట్లు, ఆ బాలునికి ప్రపంచమంతా నాదమయమైనది. 1919లో విజయనగరంలో గానపాఠశాల వెలసినపుడు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. విద్యార్థిగా చేరవలె నని వెళ్లిన నాయుడుగారిని అక్కడ ఉపాధ్యాయునిగా నియమించారని ప్రసిద్ధి. 1936లో ఆయనే ఆ పాఠశాలకు అధ్యక్షులైనారు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల రసికులకు ఈ చరిత్రలో ఒక దగ్గరి బంధుత్వమున్నది. 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. వేలూరు ఆ జిల్లాలోని ఊరు. చిత్తూరికి కూతవేటు దూరంలోనున్న ఆ వేలూరిలోనే 1938లో నాయుడుగారు తమ తొలి ఏకవాద్య కచేరి చేశారని చెబుతారు. తెలుగు, తమిళం కలిసి వినిపించే ఆ సీమలో, గాయకుడు లేని ఫిడేలు సభామధ్యంలో కూర్చున్నది.

అది ఎంత సాహసమో ఆలోచించండి. పక్కవాద్యకానికి పాట దారి చూపుతుంది. గాయకుడు ఆగినచోట తానూ ఊపిరి తీసుకోవచ్చు. ఒంటరిగా వాయించేవానికి ఆ మరుగు లేదు. సాహిత్యం పలికే నోరు లేదు. రాగభావమంతా కమానే పలకాలి. ఫిడేలుకు వీణవలె మెట్లు లేవు. వ్రేలు వెంట్రుకవాసి తప్పినా శ్రుతి తప్పినట్లే. ఆ తప్పును ముందుగా పట్టుకొనవలసినది వాయించేవాని చెవియే.

అందువల్లనే నాయుడుగారు సాధనలో ముప్పాతిక భాగం వినికిడే ననేవారు. గంటలకొద్దీ చేయి కదిపినంత మాత్రాన విద్య పెరగదు. విన్నదానిని మననం చేసి, తన నాదాన్ని తానే పరాయివానివలె పరీక్షించుకొన్నపుడే పెరుగుతుందని ఆయన విశ్వాసం. తంబురా లక్షణాలను గూర్చి వ్యాసం వ్రాసిన శ్రద్ధకు మూలమిదే. పాశ్చాత్యుల కమాను పద్ధతిని గమనించి, దీర్ఘమైన కమానుతో సంగతిని తెగకుండా నడిపించే శైలిని అలవరచుకొన్నారు. పద్ధతి పరాయిదైనా పలికిన రాగం మనదే. 1952లో యెహూది మెనుహిన్ మద్రాసు వచ్చినపుడు, న్యాయమూర్తి రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాదనం విని ముగ్ధులైనారు.

ఇక్కడ ఒక చిత్రమైన సామ్యం తోస్తుంది. నాయుడుగారు పుట్టిన 1893లోనే స్పెయినులో ఆంద్రే సెగోవియా జన్మించాడు. వీధిపాటలకు తోడుగా భావింపబడుతున్న గిటారును ఆయన ఏకవాద్యంగా మహాసభల కెక్కించాడు. ఇద్దరిదీ ఒకే సమస్య: తోడుగా ఉండే వాద్యాన్ని తనకు తానే చాలునట్లు చేయడం.

బిరుదులు తరువాత వచ్చాయి. 1941లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి, 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ. 1964 నవంబరు 25న మద్రాసులో నాయుడుగారు పరమపదించారు. శతజయంతి సంవత్సరమైన 1993లో ప్రభుత్వం ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించింది.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర సంగీత కళాశాలలో నేడు ఫిడేలు పట్టే విద్యార్థికి పాఠాలకూ, ధ్వనిముద్రణలకూ కొరతలేదు. వాయించినదానిని యంత్రంలో పట్టి మరుక్షణమే వినవచ్చు. కాని వినడం వేరు, తన లోపాన్ని ఒప్పుకొనే ధైర్యంతో వినడం వేరు. ఆ రెండవది ఏ యంత్రమూ నేర్పదు. చూపు చాలని ఆ మహనీయుడు జీవితమంతా నేర్చినదీ, నేర్పినదీ అదే.