వెలుగు జాడ – సర్ సి.వి. రామన్

చెన్నైలో మెరీనా తీరానికి ఎదురుగా ప్రెసిడెన్సీ కళాశాల ఉంది. అంబత్తూరు నుండి సముద్రం చూడబోయిన పిల్లలు ఆ ఎర్రని పాత కట్టడాన్ని చూసే ఉంటారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల్లో ఆ కళాశాల బి.ఎ. తరగతిలో ఒక బక్కపలచని బాలుడు వచ్చి కూర్చున్నాడు. పట్టుమని పదిహేనేళ్ళు నిండలేదు. తరగతి తప్పి వచ్చాడేమోనని ఆచార్యుడు అనుమానించారని చెబుతారు. ఆ బాలుడే చంద్రశేఖర వెంకట రామన్.

రామన్ 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లిలో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్, తల్లి పార్వతి అమ్మాళ్. 1892లో తండ్రికి విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపక పదవి లభించింది. ఆ విధంగా తమిళం మాతృభాషగా గల రామన్ బాల్యమంతా తెలుగువారి నడుమ, సముద్రపు ఒడ్డున గడిచింది. పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ పూర్తయింది. ఇంట్లో తండ్రిగారి భౌతికశాస్త్ర గ్రంథాలుండేవి. వాటిని చదవమని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

మద్రాసులో 1904లో బి.ఎ. ప్రథమ స్థానంతోను, 1907లో ఎం.ఎ. అత్యున్నత శ్రేణిలోను ఉత్తీర్ణులయ్యారు. ఇంకా విద్యార్థిగా ఉండగానే, 1906లో, వెలుగు సన్నని రంధ్రం గుండా పోయేటప్పుడు ఏర్పడే చారలను గురించి ఆయన రాసిన వ్యాసం లండనులోని ఒక ప్రసిద్ధ శాస్త్ర పత్రికలో అచ్చయింది. పై చదువులకు ఇంగ్లండు పోవలసినవారే. కాని ఆ చలికి ఈ శరీరం తట్టుకోలేదని వైద్యుడు అడ్డు చెప్పారు. మరి బ్రతుకుతెరువు ఏమిటి? ఆ కాలంలో శాస్త్రాన్ని నమ్ముకొన్న భారతీయునికి సరైన ఉద్యోగమే లేదు. అందుచేత రామన్ ఆర్థిక శాఖ పరీక్ష రాసి, 1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. ఆ ఏడే లోకసుందరితో వివాహం జరిగింది.

కలకత్తా బౌబజారు వీధిలో మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన విజ్ఞాన పరిషత్తు ఉండేది. పరికరాలున్నాయి గాని పరిశోధించేవారు అరుదు. రామన్ ఆ తలుపు తట్టారు. అది మొదలు ఉదయం ప్రయోగశాల, పగలు కచేరీ లెక్కలు, సాయంత్రం మళ్ళీ ప్రయోగశాల. ఇలా పదేళ్ళు గడిచాయి. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్య పదవి వచ్చింది. జీతం చాలా తక్కువ. పెద్ద ప్రభుత్వోద్యోగాన్ని వదలుకోవడం తెలివితక్కువ పని అని లోకం అనుకొని ఉండవచ్చు. రామన్ వెనుదీయలేదు.

1921లో ఇంగ్లండు వెళ్ళి ఓడ మీద తిరిగి వస్తుండగా మధ్యధరా సముద్రపు నీలిరంగు ఆయన మనస్సును పట్టుకొంది. ఆకాశపు నీలమే నీటిలో ప్రతిఫలిస్తున్నదని అంతకు ముందు రేలీ ప్రభువు వంటి మహాశాస్త్రజ్ఞుడు చెప్పి ఉన్నారు. రామన్ తన వద్దనున్న చిన్న నికల్ పట్టకంతో, నీటిపై నుండి ప్రతిఫలించే వెలుగును అడ్డగించి చూశారు. నీలం పోలేదు సరికదా, మరింత చిక్కగా కనిపించింది. అంటే నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయి!

ఇక అక్కడి నుండి ద్రవాలలో వెలుగు చెదరడమే ఆయన పని అయింది. ఒక రంగు వెలుగును ద్రవంలోకి పంపితే చెదరిన వెలుగు దాదాపు అంతా అదే రంగులో బయటికి వస్తుంది. ఏ కోటిలో ఒక వంతో మాత్రం రంగు మారి వస్తుంది. ఆ కొంచెమే అసలు సంగతి. దాన్ని ఛాయాచిత్రంలో పట్టడానికి గంటల తరబడి వేచి ఉండాలి. ప్రియశిష్యుడు కె.ఎస్. కృష్ణన్ తోడుగా, అరవై రకాల ద్రవాలను పరీక్షించి, 1928 ఫిబ్రవరి 28న పాదరసపు దీపకాంతిలో ఆ కొత్త గీతలను స్పష్టంగా చూశారు. సరిగ్గా ఆ నెలలోనే మాస్కోలో లాండ్స్‌బర్గ్, మాండెల్‌ష్టామ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు స్ఫటికాలలో ఇదే వింతను గమనించారు. కొద్ది వారాలు ఆలస్యమైతే ఈ కథ మరోలా ఉండేదే. రామన్ జాప్యం చేయక లోకానికి తెలిపారు. 1930లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అది ఆయన ఒక్కరికే వచ్చింది. కృష్ణన్ పాలు ఎంత అన్న చర్చ నేటికీ వినిపిస్తుంది. ఆయన వద్దకు పరిశోధనకు వెళ్ళిన తెలుగు యువకుడు సూరి భగవంతం, తరువాత విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులై ఆ విద్యను రామన్ చిన్ననాటి ఊరికే చేర్చారు.

రామన్ 1933లో బెంగుళూరు చేరి, 1948లో తన పేరిట సంస్థను నెలకొల్పుకొన్నారు. 1954లో భారతరత్న పొందారు. 1970 నవంబరు 21న కన్నుమూశారు.

ఆ కోటిలో ఒక వంతు వెలుగు మాత్రం చిరకాలం చిక్కుగానే ఉండిపోయింది. ప్రతి పదార్థానికీ దాని గీతలు దానివే, వేలిముద్ర వంటివి. కాని అంత మసక వెలుగుతో కొద్దిపాటి పదార్థాన్ని గుర్తించడం ఎలా? దారి లోహపు రేణువులలో దొరికింది. బంగారాన్ని మిల్లీమీటరులో లక్షో వంతు ప్రమాణానికి నలిపి నీటిలో ఉంచితే పసుపుగా గాక కెంపు వలె ఎర్రగా కనబడుతుంది. మైకేల్ ఫారడే 1857లోనే దీన్ని పరిశీలించారు. లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రానులు వెలుగు తాకిడికి గుంపుగా అటూ ఇటూ ఊగుతాయి. ఊయలను దాని ఊపుకు సరిగా నెడితే ఎత్తుకు లేస్తుంది కదా! అలాగే వెలుగు పౌనఃపున్యం వాటి ఊపుతో కలిసినప్పుడు ఆ రంగు వెలుగును బలంగా గ్రహిస్తాయి. దీనినే ప్లాస్మాన్ అనునాదం అంటారు. బంగారు రేణువులు ఆకుపచ్చను మింగుతాయి కనుక ఎరుపు మిగులుతుంది. కరోనా పరీక్ష చేసే చాలా కిట్లలో కనిపించిన ఎర్రగీత ఇట్టి బంగారు రేణువులదే.

అనునాదం జరిగేటప్పుడు రేణువు అంచున వెలుగు బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అక్కడ అంటుకొన్న అణువు నుండి రామన్ వెలుగు కూడా ఉధృతంగా వస్తుంది. 1974లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో గరుకు వెండి మీద మొదట ఇది కనబడింది. వెలుగు సుమారు పది లక్షల రెట్లు పెరిగిందని 1977లో లెక్క తేలింది. అప్పటికి రామన్ మరణించి ఏడేళ్ళు. 1997 నాటికి వెండి రేణువుల సాయంతో ఒకే ఒక్క అణువు గీతలను సైతం చూడగలిగారు. పండ్ల తొక్కపై మిగిలిన పురుగుమందు జాడను, ఆహారంలో కలిపిన రంగును పట్టడానికి ఈ పద్ధతిని వాడుతున్నారు.