నాసర్ జీవితంలో మూడు యుద్ధాలు

1956 నవంబరు 2, శుక్రవారం. రెండు రోజులుగా కైరో చుట్టుపక్కల విమానాశ్రయాల మీద బ్రిటిష్, ఫ్రెంచ్ విమానాలు బాంబులు కురిపిస్తున్నాయి. సినాయ్ ఎడారిలో ఇజ్రాయెల్ సేనలు ముందుకు దూసుకువస్తున్నాయి. ఆ జుమా నాడు ఈజిప్టు అధ్యక్షుడు జమాల్ అబ్దుల్ నాసర్ వెయ్యేళ్ల చరిత్ర గల అల్ అజ్‌హర్ మస్జిదుకు వెళ్లి, మింబర్ మీది నుంచి ప్రజలతో మాట్లాడారు. లొంగిపోయే ప్రసక్తే లేదని, పోరాడతామని చెప్పారు. తన బిడ్డలను ఎక్కడికీ పంపలేదని, వాళ్లు కూడా కైరోలోనే ఉన్నారని చెప్పారు.

మన ఇళ్లలో పెద్దవాళ్లకు నాసర్ అంటే ఇప్పటికీ ఈ దృశ్యమే గుర్తుకొస్తుంది. అరబ్బు గడ్డ మీద పరాయి సేనలు దిగినప్పుడల్లా, పెద్ద దేశాలు అణ్వాయుధాల మాట ఎత్తినప్పుడల్లా, మన టీ హోటళ్లలో, మస్జిదు వరండాల్లో ఒక వాదన నడుస్తుంది. యుద్ధానికి బాధ్యులెవరు? ఆ వాదనలో నాసర్ పేరు రెండు పక్షాల వాళ్లూ వాడుకుంటారు. ఒకరికి ఆయన సామ్రాజ్యవాదుల మెడలు వంచిన వీరుడు. మరొకరికి బైతుల్ ముఖద్దస్‌ను పోగొట్టిన పాలకుడు. ఇద్దరూ సగం జీవితమే చెబుతున్నారని మా అభిప్రాయం. అందుకే ఈ వారం ఆయన జీవితాన్ని మొదటి నుంచి చివరి దాకా పాఠకుల ముందు ఉంచుతున్నాము.

నాసర్ 1918 జనవరి 15న అలెగ్జాండ్రియాలో జన్మించారు. తండ్రి తపాలా శాఖలో చిన్న ఉద్యోగి. పూర్వీకుల ఊరు అస్యూత్ జిల్లాలోని బనీ ముర్. ఎనిమిదేళ్ల వయసులోనే తల్లిని పోగొట్టుకున్నారు. 1935లో బ్రిటిష్ వ్యతిరేక ఊరేగింపులో పాల్గొన్నప్పుడు ఒక తూటా తలను రాసుకుంటూ పోయింది. రెండేళ్ల తర్వాత సైనిక అకాడమీలో చేరారు. అంతకు కొద్ది కాలం ముందు వరకు ఆ తలుపులు సామాన్యుల పిల్లలకు తెరుచుకునేవి కావు.

ఆ యువ అధికారి మనసును కలచివేసిన సంఘటన 1942 ఫిబ్రవరి 4న జరిగింది. బ్రిటిష్ రాయబారి మైల్స్ లాంప్సన్ ట్యాంకులతో అబ్దీన్ రాజభవనాన్ని చుట్టుముట్టి, తాము కోరిన వ్యక్తిని ప్రధానిగా నియమిస్తావా, గద్దె దిగుతావా అని రాజు ఫారూఖ్‌ను నిలదీశాడు. రాజు తలవంచాడు. పేరుకు ఈజిప్టు 1922 నుంచీ స్వతంత్ర దేశమే! ఈ అవమానం నాసర్ తరం సైనికులను జీవితాంతం వెంటాడింది. 1948 పాలస్తీనా యుద్ధంలో ఫలూజా వద్ద ఆయన దళం నెలల తరబడి ముట్టడిలో చిక్కుకుంది. అక్కడి కందకాల్లో ఉన్నప్పుడే అసలు రోగం కైరోలో ఉందన్న నిర్ణయానికి ఆయన వచ్చారు.

1952 జూలై 23న స్వేచ్ఛాధికారుల తిరుగుబాటు జరిగింది. మూడు రోజులకు ఫారూఖ్ ఓడ ఎక్కి దేశం విడిచి వెళ్లాడు. మొదట జనరల్ నజీబ్ దేశాధినేత అయ్యారు, తర్వాత ఆయనను పక్కకు నెట్టి నాసర్ ముందుకు వచ్చారు. 1954 అక్టోబరులో కాలువ ప్రాంతం నుంచి సేనలను ఉపసంహరించేందుకు బ్రిటన్ ఒప్పుకుంది. 1956 జూనులో చివరి బ్రిటిష్ సైనికుడు వెళ్లిపోయాడు. 1882లో మొదలైన ఆక్రమణ అలా ముగిసింది.

ఇదే కాలంలో జరిగిన మరొక విషయాన్ని మన పాఠకుల ముందు దాచలేము. 1954 అక్టోబరు 26న అలెగ్జాండ్రియాలో నాసర్ ప్రసంగిస్తుండగా ఆయన మీద కాల్పులు జరిగాయి. ఆ నేరం మోపి ఇఖ్వానుల్ ముస్లిమూన్ సంస్థను అణచివేశారు. ఆరుగురిని ఉరితీశారు, వేలాది మందిని జైళ్లలో పెట్టారు. 1966లో సయ్యద్ ఖుతుబ్‌ను కూడా ఉరితీశారు. ఆయన ఖురాన్ వ్యాఖ్యానంలో చాలా భాగం నాసర్ జైళ్లలోనే రాశారు. ప్రశ్నించే నోళ్లు మూతబడిన దేశంలో పాలకుడు పొరపాటు చేస్తే ఆపేవాడు ఉండడు. 1967లో ఏం జరిగిందో అర్థం కావాలంటే ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక సూయెజ్ విషయానికి వద్దాం. అస్వాన్ ఆనకట్టకు ఇస్తామన్న సహాయాన్ని 1956 జూలై 19న అమెరికా రద్దు చేసింది. ఆ వార్త నాసర్‌కు విమానంలో అందింది. యుగోస్లావియాలోని బ్రియోనీ దీవిలో టిటోను కలిసి, మన ప్రధాని నెహ్రూతో కలిసి ఆయన కైరోకు తిరిగి వస్తున్నారు. వారం తిరిగేసరికి, జూలై 26న, అలెగ్జాండ్రియా సభలో సూయెజ్ కాలువ కంపెనీని జాతీయం చేస్తున్నట్లు ప్రకటించారు. కాలువ తవ్వించిన ఫ్రెంచివాడు లెసెప్స్ పేరు ఆ ప్రసంగంలో వినబడగానే కంపెనీ కార్యాలయాలను స్వాధీనం చేసుకోవాలని ముందే సంకేతం పెట్టుకున్నారు. ఎక్కడ వినకుండా పోతారోనని ఆ పేరును ఆయన పదిసార్లకు పైగా ఉచ్చరించారట!

ఇది దోపిడీ అని లండన్, ప్యారిస్ గగ్గోలు పెట్టాయి. కానీ కంపెనీ ఈజిప్టులో నమోదైనదే. దాని గడువు 1968లో ఎలాగూ ముగిసేది. వాటాదారులకు పరిహారం ఇస్తామని నాసర్ తొలి రోజే చెప్పారు, 1958 ఒప్పందం ప్రకారం 2 కోట్ల 83 లక్షల ఈజిప్టు పౌండ్లు చెల్లించారు కూడా. ఓడలు నడిపించడం అరబ్బులకు చేతకాదని అనుకున్నవాళ్లు సెప్టెంబరులో విదేశీ పైలట్లను వెనక్కి పిలిపించారు. అయినా కాలువ ఆగలేదు. లండన్ సమావేశంలో మన కృష్ణ మీనన్ రాజీ మార్గం కోసం శ్రమించారు గానీ, అటువైపు వాళ్లకు రాజీ అక్కర్లేదు.

ఎందుకంటే అక్టోబరు 22 నుంచి 24 వరకు ప్యారిస్ దగ్గర సెవ్ర్ అనే చోట ఒక ఇంట్లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ రహస్య ఒప్పందం కుదుర్చుకున్నాయి. ముందు ఇజ్రాయెల్ దాడి చేయాలి. తర్వాత తగవు తీర్చే పెద్దమనుషుల్లా మిగతా ఇద్దరూ వచ్చి కాలువలో దిగాలి. అక్టోబరు 29న నాటకం మొదలైంది. నవంబరు 5, 6 తేదీల్లో పోర్ట్ సయీద్ మీద సేనలు దిగాయి. ముందుగా ఏమీ తెలియదని బ్రిటిష్ ప్రధాని ఈడెన్ డిసెంబరులో పార్లమెంటుకే చెప్పాడు. ఒప్పందం ప్రతులను నాశనం చేయించాలని చూశాడు. ఇజ్రాయెల్ దాచుకున్న ప్రతి మాత్రం మిగిలింది. యుద్ధానికి బాధ్యులెవరన్న ప్రశ్నకు చరిత్రలో ఇంత స్పష్టమైన కాగితం దొరకడం అరుదు.

నవంబరు 5న సోవియట్ ప్రధాని బుల్గానిన్ లండన్, ప్యారిస్, టెల్ అవీవ్‌లకు లేఖలు పంపాడు. అంతకన్నా బలమైన దేశం రాకెట్లు ప్రయోగిస్తే బ్రిటన్ గతి ఏమయ్యేదో ఆలోచించుకోమని అందులో హెచ్చరించాడు. అణుయుద్ధపు నీడ అలా కాలువ మీద పడింది. మర్నాడు అర్ధరాత్రి కాల్పులు ఆగిపోయాయి. రష్యా రాకెట్లే కాపాడాయని అరబ్బు వీధుల్లో నమ్మారు. ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. నిజానికి బ్రిటన్‌ను ఆపింది రాకెట్లు కాదు, కరిగిపోతున్న పౌండు. అమెరికా అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ ఆదుకోవడానికి నిరాకరించాడు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో కాల్పుల విరమణ తీర్మానానికి 64 దేశాలు ఓటు వేస్తే, వ్యతిరేకించినవి 5 మాత్రమే. పైగా, ఈజిప్టు స్వేచ్ఛ కోసం లేఖలు రాసిన సోవియట్ ప్రభుత్వమే సరిగ్గా ముందు రోజు, నవంబరు 4న, బుడాపెస్ట్‌లోకి ట్యాంకులు తోలి హంగేరీ ప్రజలను తొక్కించింది. రెండు రాజధానుల మీద ఒకే వారంలో బయటి సేనలు పడ్డాయి. మనవాళ్లలో ఎక్కువ మంది ఒకదాని గురించే మాట్లాడుకున్నాం.

ఐక్యరాజ్యసమితి శాంతి సేన సినాయ్‌కు వచ్చింది. అందులో మన భారత జవాన్లు కూడా పదేళ్లకు పైగా కాపలా కాశారు. నాసర్ అరబ్బు లోకానికి నాయకుడయ్యారు. 1958లో సిరియా ఈజిప్టుతో ఏకమైంది, మూడేళ్లకే విడిపోయింది.

1961 సెప్టెంబరులో బెల్‌గ్రేడ్‌లో అలీన దేశాల తొలి మహాసభ జరిగింది. సరిగ్గా అప్పుడే సోవియట్ యూనియన్ అణుపరీక్షలు తిరిగి మొదలుపెట్టింది. నాసర్‌కు ఆయుధాలు ఇస్తున్నది, అస్వాన్ ఆనకట్ట కడుతున్నది ఆ దేశమే. అయినా ఆ వార్త తనను దిగ్భ్రాంతికి గురిచేసిందని ఆయన సభలో చెప్పారు. సభ తరఫున నెహ్రూ, ఘనా అధ్యక్షుడు ఎన్‌క్రుమా మాస్కోకు, ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్నో, మాలీ అధ్యక్షుడు కైతా వాషింగ్టన్‌కు శాంతి విజ్ఞప్తి పట్టుకుని వెళ్లారు. ఆయన రాజకీయ జీవితంలో మాకు బాగా నచ్చిన ఘట్టాల్లో ఇదొకటి. ఆపద్బాంధవుడి తప్పును కూడా తప్పు అనగలిగారు.

కానీ ఏడాది దాటగానే ఆయనే మరొక దేశంలోకి సైన్యాన్ని పంపారు. 1962 సెప్టెంబరు 26న యెమెన్‌లో సైనికాధికారులు ఇమామ్ అల్ బద్ర్‌ను కూలదోశారు. కొత్త ప్రభుత్వం పిలిచిందంటూ ఈజిప్టు సేనలు వెళ్లాయి. ఇమామ్ పక్షాన సౌదీ అరేబియా నిలిచింది. కొద్ది నెలల పని అనుకున్నది ఐదేళ్లు సాగింది. ఒక దశలో 70 వేల దాకా ఈజిప్టు సైనికులు ఆ కొండల్లో ఉన్నారు. పది వేలకు పైగా చనిపోయారని అంచనా. యెమెనీల ప్రాణనష్టం అంతకంటే చాలా ఎక్కువ. పల్లెల మీద విషవాయువు ప్రయోగించారనడానికి ఆధారాలు ఉన్నట్లు 1967లో రెడ్‌క్రాస్ వైద్యులు నివేదించారు. పోర్ట్ సయీద్ మీద బాంబులు వేసినవాళ్లను నిందించే మనం, యెమెన్ పల్లెల దగ్గరకు వచ్చేసరికి మౌనం వహిస్తే అది న్యాయం అనిపించుకోదు. చనిపోయినవాళ్లూ కలిమా చదివినవాళ్లే, చంపినవాళ్లూ కలిమా చదివినవాళ్లే.

1967 మే నెలలో ఈజిప్టు సైన్యంలో గణనీయమైన భాగం యెమెన్‌లోనే ఉంది. ఆ సమయంలో సిరియా సరిహద్దులో ఇజ్రాయెల్ సేనలు మోహరించాయని మాస్కో నుంచి సమాచారం వచ్చింది. అది తప్పుడు సమాచారం. నాసర్ పంపిన జనరల్ ఫౌజీ స్వయంగా వెళ్లి చూసి, అక్కడ ఏమీ లేదని నివేదించారు. అయినా వెనక్కి తగ్గలేదు. శాంతి సేనను వెళ్లిపొమ్మన్నారు. మే 22న తిరాన్ జలసంధిని ఇజ్రాయెల్ ఓడలకు మూసివేశారు. జూన్ 5 ఉదయం ఇజ్రాయెల్ విమానాలు ముందుగా దాడి చేశాయి. మూడు గంటల్లో ఈజిప్టు విమాన దళంలో చాలా భాగం నేల మీదే కాలిపోయింది. గాజాలో ఇంకా ఉన్న మన భారత శాంతి సైనికులు కొందరు కూడా ఆ యుద్ధంలో అమరులయ్యారు. ఆరు రోజుల్లో సినాయ్, గాజా, వెస్ట్ బ్యాంక్, గోలాన్ పోయాయి. జూన్ 7న మస్జిదె అఖ్సా ఉన్న పాత జెరూసలేం ఇజ్రాయెల్ చేతిలోకి వెళ్లింది.

తొలి తూటా పేల్చింది ఇజ్రాయెల్. అందులో సందేహం లేదు. కానీ సిద్ధంగా లేని సైన్యాన్ని ఆ అంచు దాకా నడిపించింది ఎవరు? అమెరికా, బ్రిటన్ విమానాలు కూడా దాడిలో పాల్గొన్నాయని కైరో రేడియో ప్రకటించింది. అది నిజం కాదని తేలింది. జూన్ 9, మరొక శుక్రవారం, నాసర్ టెలివిజన్‌లో కనిపించి బాధ్యత మొత్తం తనదేనని ఒప్పుకుని రాజీనామా ప్రకటించారు. ఓడిన పాలకులు ఇలా చెప్పడం అరుదు, అందుకు ఆయనను గౌరవిస్తాము. ఆ రాత్రే లక్షల మంది వీధుల్లోకి వచ్చి ఉండమని ఏడ్చారు. మర్నాడు రాజీనామా ఉపసంహరించుకున్నారు. సేనాధిపతి అబ్దుల్ హకీమ్ ఆమిర్ పదవి పోయింది. ఆయన నాసర్‌కు ప్రాణ స్నేహితుడు, నాసర్ తన కొడుక్కి పెట్టుకున్న పేరు కూడా ఆయనదే. నిర్బంధంలో ఉండగా సెప్టెంబరులో ఆమిర్ మరణించారు. ఆత్మహత్య అని ప్రభుత్వం చెప్పింది. విమాన దళాధికారులకు తేలికపాటి శిక్షలు పడినప్పుడు, 1968 ఫిబ్రవరిలో హెల్వాన్ కార్మికులు, కైరో విద్యార్థులు వీధికెక్కారు. బాధ్యత తనదన్న మాట ఒకరిది, శిక్ష మరొకరిది కావడం వాళ్లకు మింగుడుపడలేదు.

ఆ ఆరు రోజుల్లో ప్రపంచం ఎంత దగ్గరగా ప్రమాదం అంచుకు వెళ్లిందో చాలా మందికి తెలియదు. వైట్‌హౌస్‌కు, క్రెమ్లిన్‌కు మధ్య ఏర్పాటు చేసిన హాట్‌లైన్‌ను సంక్షోభంలో తొలిసారి వాడింది 1967 జూన్ 5నే. ఓడిపోయే పరిస్థితి వస్తే సినాయ్ కొండ మీద అణు పరికరాన్ని పేల్చి భయపెట్టాలన్న పథకం ఇజ్రాయెల్ దగ్గర ఉండేదని, ఆ దేశపు మాజీ సైనికాధికారి ఒకరు చెప్పిన వివరాలు 2017లో ప్రచురితమయ్యాయి. ఇజ్రాయెల్ అణుబాంబు తయారు చేస్తే చూస్తూ ఊరుకోబోమని 1960 నుంచే నాసర్ హెచ్చరిస్తూ వచ్చారు. అయితే 1968 జూలై 1న అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందం సంతకాలకు వచ్చిన తొలి రోజునే ఆయన ప్రభుత్వం సంతకం చేసింది. ఇజ్రాయెల్ నేటికీ చేయలేదు.

తర్వాత మూడేళ్లు కాలువకు ఇరువైపులా ఫిరంగులు మోగుతూనే ఉన్నాయి. 1970 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ బాంబులు బహ్రుల్ బఖర్ గ్రామంలోని బడి మీద పడి పదుల సంఖ్యలో పిల్లలు చనిపోయారు. ఆకాశాన్ని కాపాడుకోవడానికి నాసర్ ఆ జనవరిలో రహస్యంగా మాస్కో వెళ్లి సోవియట్ క్షిపణులను, వాటిని నడిపే సిబ్బందిని అడిగి తెచ్చుకున్నారు. జూలై చివర సోవియట్ పైలట్లు నడుపుతున్న విమానాలను ఇజ్రాయెల్ కూల్చివేసింది. బ్రిటిష్ సేనలను సాగనంపిన పద్నాలుగేళ్లకు ఈజిప్టు గడ్డ మీద మళ్లీ వేలాది విదేశీ సైనికులు! ఈసారి పిలిచి తెచ్చుకున్నవాళ్లు. ఆ ఆగస్టులో కాల్పుల విరమణకు ఆయన ఒప్పుకున్నారు.

సెప్టెంబరులో జోర్డాన్ సైన్యానికి, పాలస్తీనా గెరిల్లాలకు మధ్య పోరు చెలరేగింది. మధుమేహంతో, గుండె జబ్బుతో బాధపడుతున్న నాసర్ అరబ్బు నేతలను కైరోకు పిలిపించి, రాజు హుసేన్, యాసిర్ అరాఫాత్‌ల మధ్య 27న ఒప్పందం కుదిర్చారు. 28న కువైట్ అమీరును విమానాశ్రయంలో సాగనంపి ఇంటికి వచ్చారు. ఆ సాయంత్రమే గుండెపోటుతో మరణించారు. వయసు 52. సొంతానికి ఆస్తులు కూడబెట్టుకోలేదని ఆయన విరోధులు కూడా ఒప్పుకుంటారు. అక్టోబరు 1న జరిగిన జనాజాకు లక్షలాది మంది తరలివచ్చారు.

అప్పటికి సూయెజ్ కాలువ మూతబడి మూడేళ్లు దాటింది. 1967 జూన్ 5న కాలువ మధ్యలో ఉన్న 14 విదేశీ ఓడలు గ్రేట్ బిట్టర్ సరస్సులో చిక్కుకుపోయి, ఎడారి ఇసుక పేరుకుని పసుపు రంగులోకి మారాయి. మళ్లీ కాలువ తెరుచుకున్నది 1975 జూన్ 5న.